సరిత కడిగిన సీసాలు

మొన్న మా ల్యాబ్‌లో ముగ్గురు పీహెచ్‌డీలు నాలుగు రోజులు తల పట్టుకుని కూర్చున్నారు. కారణం ఎవరనుకున్నారు? పదో తరగతి పాసైన నేను!

మా ల్యాబ్ హైటెక్ సిటీలో ఒక బిల్డింగ్ ఐదో అంతస్తులో ఉంది. వెంట్రుక కంటే వేల రెట్లు సన్నటి కార్బన్ గొట్టాలు మన ఒంట్లోని కణాల పొరను చీలుస్తాయా, లేక ఊరికే అందులో దిగి కూర్చుంటాయా అని అక్కడ చూస్తారు. ఆ పొర కొవ్వుతో అయిందట. అలాంటి పొరలనే సీసాల్లో తయారుచేసి, గొట్టాలు వేసి పరీక్షిస్తారు. నేను హౌస్‌కీపింగ్. పన్నెండేళ్లలో ఒక్కరోజు లేటు లేదు, ఒక్క మరక వదిలింది లేదు.

అలాంటిది, లోపలి గదిలో సీసాలు కడిగే పని, తెల్లకోటుతో సహా, ఆరు నెలల క్రితం వచ్చిన సరితకిచ్చారు! ఇంకా ట్రయలే, నెలాఖరుకు ఖాయం చేస్తారట. "సరిత కడిగితే ఇక చూసుకోనక్కర్లేదండీ" అని ల్యాబ్ నడిపే మేడం అందరి ముందూ అన్నారు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. ఆదివారం చర్చిలో పిల్లలకు అసూయ పాపమని చెప్పేది నేనే. కానీ ఇది అసూయ కాదు, న్యాయం కోసం బాధ అని సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు ఆమె కడుగుతుంటే చూశాను. ఏదో మందునీళ్లు, తర్వాత మంచినీళ్లు. అంతే!

"సబ్బు పెట్టవా?"

"అక్కర్లేదన్నా, గిట్లనే కడగాలె. నువ్వు ఫికర్ చెయ్యకు."

బద్ధకానికి ఎంత ధీమా!

మర్నాడు హఫీజ్‌పేట్‌లో మొదటి రైలెక్కాను. తుడవడానికి ఆ గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చిన గిన్నెల సబ్బుతో ఆమె సీసాలన్నీ మళ్లీ తోమాను. నాలుగు రోజులూ అదే పని. ఆ మెరుపు చూసి మేడం అడుగుతారు, అప్పుడు వినయంగా చెబుదామని!

నాలుగో రోజు మేడం గొంతు వినిపించింది. "గొట్టాలు ఇంకా వెయ్యనే లేదు, పొరలెలా కరిగిపోతున్నాయి?"

"నేను ఎప్పటిలెక్కనే కడిగిన మేడం," సరిత కళ్లలో నీళ్లు.

మేడం సీసా వాసన చూశారు. "నిమ్మకాయ వాసనేంటి?"

అందరూ సరిత వైపు చూశారు. నేను నోరు మూసుకుంటే కోటు నాదే. ఒక నిమిషం మూసుకున్నాను కూడా.

"ఆ సబ్బు నాదండీ."

"జోసెఫ్ గారూ, సబ్బు జిడ్డునేం చేస్తుంది?"

"వదలగొడుతుందండీ."

"పొర దేనితో అయింది?"

"కొవ్వు..."

మిగతాది నాకే అర్థమైంది.

సరిత కళ్లు తుడుచుకుంది. "ఆదివారం పిల్లలకు గిదేనా అన్నా నేర్పేది?"

కోటు ఆమెకే ఖాయమైంది. దానికి ఇస్త్రీ సరిగా ఉండదు. అయినా నేనేమీ అనడం లేదు.

నాకూ లోపల ఒక పని దొరికింది. ప్రతి పరీక్షలో పొర తప్పకుండా పాడయ్యే సీసా ఒకటి ఉండాలట, మిగతావి పోల్చుకోవడానికి. దానిలో సబ్బు వేయడం నా పని. సరిత దాని మీద నా పేరు రాసి అంటించింది. కార్బన్ గొట్టాలు పొరను ఒక్కోసారి చీలుస్తాయి, ఒక్కోసారి వదిలేస్తాయి. జోసెఫ్ సీసా మాత్రం ఇంతవరకు ఒక్కసారీ ఫెయిల్ కాలేదు!