గ్రేస్ మేడం దాచుకున్న ప్రయాణం

ఫోన్ స్పీకరులో అదే సంగీతం. విమాన కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మనిషి గొంతు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ మళ్లీ మళ్లీ వినిపించే చిన్న ముక్క. మొన్న ఖమ్మంలో నా టికెట్ల దుకాణంలో అది మోగుతుంటే ఎదురుగా కూర్చున్నాయన విసుక్కున్నాడు. నాకు మాత్రం ఇల్లందు బస్టాండు పక్కన ఒక ఇరుకు గది, చెంపకు ఫోను ఆనించుకుని కళ్లు మూసుకున్న గ్రేస్ మేడం కనిపించారు. డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తోచని రోజుల్లో తన విమాన టికెట్ల దుకాణంలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే.

ఆవిడ దగ్గర టికెట్టు కొనడం అంత సులువు కాదు. తక్కువ ధర టికెట్టు అడిగినవాళ్లకు దాని షరతులన్నీ చెప్పి, తిరిగి వాళ్ల నోటితో చెప్పించుకునేవారు. గల్ఫు నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన చిరాకుపడి ఎదురు దుకాణానికి వెళ్లిపోయాడు.

"గిట్ల చెప్తే ఎవరు కొంటరు మేడం?" అన్నాను.

"కొనకపోతే పాయె. రేపు ఆయన ప్రయాణం ఆగిపోయినంక పైసలు రావని చెప్తే, ఆ మొహం నువ్వు చూస్తవా?" అన్నారు. కోపం వస్తే ఆవిడ గొంతు పెరిగేది కాదు, తగ్గేది.

ఆవిడకు ఒక కోరిక ఉండేది. చెల్లెలు ఆగ్నెస్ షిల్లాంగ్ దగ్గర ఒక కాన్వెంటులో సిస్టరు. ఇద్దరూ కలుసుకుని ఏళ్లు గడిచిపోయాయి. దుకాణం టికెట్లన్నీ తన కార్డు మీదే కొంటూ, కార్డు కంపెనీ ఇచ్చే రివార్డు పాయింట్లు పోగుచేసుకున్నారు; వాటితో ఏ విమానానికైనా టికెట్టు తీసుకోవచ్చు. షిల్లాంగ్ పోవాలంటే విమానం దిగాల్సిన గువాహటికి ఒక మనిషి పోయి రావడానికి సరిపడా అయిన రోజున నాకు మిఠాయి తినిపించారు. "ఒక్క మంచం మీద పండుకొని ఇద్దరం ముచ్చట పెట్టుకోవాలె. గంతే," అన్నారు. ఆ నవ్వు చిన్నపిల్ల నవ్వులా ఉండింది.

ఆ నెలలోనే సమ్మక్క అనే అమ్మాయి సంగతి వచ్చింది. ఇల్లందు అవతల అడవిలో వాళ్ల ఊరు. హాస్టల్లో చదువుతూ విలువిద్య నేర్చుకున్న పిల్ల. గువాహటిలో జట్టు ఎంపిక పోటీలు. బడి టీచర్లు తలా కొంత వేసుకుని తండ్రీకూతుళ్లకు మా దగ్గరే టికెట్లు కొన్నారు. ప్రయాణానికి ముందురోజు, పోయే విమానం రద్దయిందని మెసేజ్ వచ్చింది. మేడం ఫోన్ పట్టుకున్నారు. టికెట్టు ధర ఖాతాలో జమ చేస్తామని, తరువాత ఎప్పుడైనా వాడుకోవచ్చని అవతలివాళ్లు అన్నారు.

"తర్వాత పోతే పోటీలు ఉంటయా? రద్దు చేసింది మీరు. ఇంకో దాంట్ల ఎక్కియ్యాల్సింది మీరే," అని మేడం గొంతు తగ్గించి అన్నారు. ఎంతమందికి చెప్పినా సీటు లేదన్నదే జవాబు. వేరే కంపెనీ విమానంలో సీట్లున్నాయి గాని, ఆఖరి నిమిషం ధర మేమెవరమూ పెట్టగలిగేది కాదు.

సమ్మక్క బల్ల మీద విల్లు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తండ్రి పాపయ్య లేచి, "పోనీ మేడం. మా నసీబు గట్ల ఉంది. మీరేం చేస్తరు?" అన్నాడు.

"కూసో పాపయ్యా. ఈ కంపెనీ మంచిదని చెప్పింది నేనే గదా," అన్నారు మేడం. ఆ పిల్ల వైపు కాసేపు చూశారు. తరువాత నా కంప్యూటరు తన వైపు తిప్పుకున్నారు. తను దాచుకున్న, ఒక మనిషి పోయి వచ్చే పాయింట్లతో ఆ వేరే విమానంలో ఇద్దరు మనుషులు అటువైపు పోవచ్చు. తిరుగు టికెట్లు ఎలాగూ పదిలంగా ఉన్నాయి. నేను "మేడం..." అనబోతుంటే, "పేర్లు సరిగ్గ కొట్టు," అన్నారు. రద్దయిన టికెట్ల డబ్బు టీచర్ల చేతికి తిరిగి వచ్చేదాకా ఆ విమాన కంపెనీ వాళ్లను వదల్లేదు.

సమ్మక్క ఎంపిక కాలేదు. తిరిగొచ్చాక తేనె సీసా పట్టుకుని వచ్చి ఏడ్చింది. మేడం ఆమె తల నిమిరి, విమానం ఎట్లుందని అడిగారు. "మబ్బులు కిందికెల్లి పోతయ్ మేడం," అని ఏడుపు మధ్యలోనే నవ్వింది.

కొన్నాళ్లకు కార్డు కంపెనీ నియమాలు మార్చింది. అదే ప్రయాణానికి ఇంకా చాలా పాయింట్లు కావాలంది. మేడం మళ్లీ మొదలుపెట్టారు. అవి సరిపడా కాకముందే కాన్వెంటు నుంచి ఫోన్ వచ్చింది. ఆగ్నెస్ సిస్టరు జ్వరంతో పోయారు. మేడం వెళ్లేసరికి సమాధి మాత్రమే ఉంది.

ఎన్నో రోజులు ఆపుకుని, చివరికి అడిగాను. "ఆ పాయింట్లు ఇయ్యకుంటే బాగుండు అనిపిస్తదా మేడం?"

"అవ్, అనిపిస్తది బిడ్డా. రోజూ అనిపిస్తది," అన్నారు. "కానీ ఆ పిల్ల గక్కడ కూసోని నన్నే చూస్తున్నది. ఇంకేం చేద్దును?"

మేడం ఇప్పుడు లేరు. నేను ఖమ్మం వచ్చి సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. షరతులన్నీ చెబుతాను, విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. విమానం రద్దయితే సీటు దొరికేదాకా ఫోను వదలను. ఎవరికైనా అలా సీటు సాధించిన రోజున ఇంటికి వెళ్లి మావాళ్లకు చెబుతాను. మంచిపని చేశావంటారు, అన్నం వడ్డిస్తారు. కానీ కంపెనీవాళ్లు ఎక్కడ మాట మార్చారు, నేనేమన్నాను, ఎట్లా ఒప్పుకున్నారు అని మేడంలా కుర్చీ దగ్గరికి లాక్కుని, అడిగి అడిగి చెప్పించుకునే మనిషి మాత్రం లేరు.