నాన్నని ఎక్కించుకున్న బ్యాటరీ బండి

ఆదిత్యపూర్‌లో, ఇనుము కాల్చి సాగగొట్టే ఒక ఫ్యాక్టరీలో నేను విజిటర్లను తిప్పే బ్యాటరీ బండి నడుపుతాను. పద్నాలుగు మంది పడతారు, తలుపులుండవు. మా నాన్న ఆ ఫ్యాక్టరీలోనే పెద్ద సుత్తి మిషను దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆ మోతకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఏదైనా చెప్పాలంటే కుడి చెవి దగ్గర గట్టిగా చెప్పాలి.

నాకీ ఉద్యోగం వచ్చినప్పుడు, "అది బండేటే? పిల్లలాడుకునే బొమ్మ" అన్నాడు.

పోయిన చలికాలంలో రిటైరైన వాళ్లని ఫ్యాక్టరీ చూడ్డానికి పిలిచారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, నా పక్క సీటు ఖాళీగా ఉన్నా చివరి వరసలో కూర్చున్నాడు. గైడ్ మైకులో హిందీలో ఏదో చెబుతుంటే మధ్యలో అందుకుని, "పహలే యహాఁ భట్టీ థీ" అని, ముందు ఇక్కడ కొలిమి ఉండేదని సరిదిద్దుతున్నాడు.

సుత్తి షెడ్డు మలుపులో బండి నెమ్మదించింది. అద్దంలో చూస్తే నాన్న లేచి నిలబడి, ఒక కాలు బయటికి పెట్టేస్తున్నాడు. ఇంజిన్ మోత లేని బండి, వినపడని చెవి. కదులుతోందని ఆయనకి తెలియలేదు.

బ్రేకు తొక్కి, "బైఠ్ జాయియే!" అని అరిచాను. కూర్చోండని విజిటర్లందరితో అనే మాటే. నాన్నని అలా ఎప్పుడూ అనలేదు.

ఆయన రాడ్డు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మోకాలు ముందు సీటుకి తగిలింది. నేను దిగి, కుడి చెవి దగ్గరికి వెళ్లాను.

"ఆగిపోనాది అనుకున్నానే," అన్నాడు. ముఖం చిన్నబోయింది.

"ఎందుకు దిగుతున్నావు నాన్నా?"

"నా మిషను సూడాలి."

"ఇక్కడ దిగనివ్వరు. కూకునే సూడు."

గైడ్ రెండు నిమిషాలు ఆగుదామన్నాడు. షెడ్డులోపల చీకటిగా ఉంది, మిషను సరిగా కనబడదు. నాన్న రాడ్డు మీద అరచేయి ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి, "అదే. ఇంకా కొడతంది," అన్నాడు. నేనూ చెయ్యి పెట్టాను. సుత్తి పడినప్పుడల్లా రాడ్డులో సన్నని అదురు. రోజూ నాలుగుసార్లు ఆ దారిన తిరిగే నేను ఒక్కరోజూ గమనించలేదు.

ఇంటికెళ్లాక అమ్మతో, "అందరి ముందూ నన్ను కసిరేసినాది" అని ఫిర్యాదు చేశాడు. అన్నం తింటూ, "బ్రేకు మాత్రం బాగా కొట్టినాది," అన్నాడు.

మర్నాడు మా సూపర్‌వైజర్‌ని అడిగి, ప్రతి వరసకీ పక్కన అడ్డంగా గొలుసు పెట్టించాను.