సదరు ఎలుగుబంటి

మా మామను ఎలుగుబంటి పెద్దగా ఏమీ చేయలేకపోయింది. చేసిందంతా నేనే. అది పంజా విసిరితే ఆయన భుజం మీద నాలుగు గీతలు పడ్డాయి, నెల తిరక్కుండా మానిపోయాయి. నేను కలం తీస్తే ఆయన జైలుకు పోయాడు, ఆపైన నాలుగేళ్లు కోర్టు మెట్లు ఎక్కి దిగాడు. ఎట్లా అంటారా? చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం చెప్పిన ప్రతిసారీ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పుత్తూరులో ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనిచేసేవాణ్ణి. క్రయపత్రమో, దానపత్రమో, అన్నదమ్ముల భాగపత్రమో, ఏదైనా సరే కళ్లు మూసుకుని రాసేసేవాణ్ణి. కళ్లు మూసుకుని అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నాకు అప్పటికే ఈ దస్తావేజుల భాష పిచ్చి ఎంత ముదిరిందంటే, స్నేహితుడు పెళ్లి పత్రిక రాసిమ్మంటే "సదరు వరుడు" అని రాసిచ్చాను. వాడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

మా మామ చెంగల్రాయులు, అంటే మా అమ్మ తమ్ముడు, కార్వేటినగరం అవతల కొండ కింద మామిడితోట పెట్టుకుని, తోటలోనే ఇల్లు కట్టుకున్నాడు. మా నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. నన్ను ఆటపట్టించకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. "ఏమప్పా రిజిస్ట్రారూ, ఈ పొద్దు ఎవురి భూమి ఎవురికి రాసేసినావు?" అని పెద్దగా నవ్వేవాడు.

మామిడికాయలు దిగే కాలం. పశువుల కొట్టంలో ఒక మూల గడ్డి పరిచి కాయలు మాగేశారు. ఆ వాసనకు కొండ మీది నుంచి ఎలుగుబంటి దిగింది. తెల్లవారి మామ పెళ్లాం మునెమ్మత్త పాలు పితకడానికి కొట్టంలోకి పోతే, గడ్డిలో కూర్చుని పండ్లు తింటున్నది కాస్తా లేచి నిలబడింది. అత్త చేయి నోట కరుచుకుంది. అరుపు విని మామ చేతికందిన గడ్డపార పట్టుకుని ఉరికాడు. అది అత్తను వదిలి ఆయన మీదికి తిరిగి భుజం చీరేసింది. ఆయన ఒక్కటే దెబ్బ వేశాడు. అది తూలుకుంటూ కంచె దాకా పోయి పడి ప్రాణం విడిచింది.

నేను పోయేసరికి ఇద్దరికీ ఆసుపత్రిలో కట్లు కట్టించి తీసుకొచ్చారు. మామ కంచె దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఆడదిరా అది. పాలు తాపే తల్లి. పిల్ల యాడుండాదో ఏమో," అన్నాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఊరంతా ఆయన్ను వీరుడంటూ ఫోటోలు తీస్తోంది. ఆయనకు మాత్రం ఆ పొద్దు మంచినీళ్లు కూడా దిగలేదు.

ఫారెస్టు రేంజరు వచ్చి కొట్టం చూశాడు, అత్త చేయి చూశాడు, మామ భుజం చూశాడు. మంచి మనిషి.

"భయపడొద్దు పెద్దాయనా. ప్రాణం కాపాడుకునేదానికో, పక్కోళ్ల ప్రాణం కాపాడేదానికో సదుద్దేశంతో కొట్టింటే నేరం కాదు, సట్టంలోనే ఉండాది. ఏటాడింటేనో, మాటేసి సంపింటేనో కేసు. సచ్చిన జంతువు మాత్రం గవర్నమెంటుది, గోరు కూడా ముట్టుకోవద్దు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసీండి, సాలు."

"రాసేదేముంది సార్," అన్నాడు మామ. "మీద పడింది, కొట్టినాను."

"అంతే రాయండి."

అంతే అంటే నాకు ఒళ్లు మండింది. నాలాంటి లేఖరి ఇంట్లో ఉండగా మామ ప్రాణాపాయం రెండు ముక్కల్లో తేలిపోవడమా!

"మామా, నువ్వు లెయ్. ఇది నా పని," అన్నాను.

"ఉన్నది రాయిరా, సాలు."

"ఉన్నది రాస్తే ఎట్ల మామా? పద్ధతిగా ఉండాల."

మూడు పేజీలు రాశాను. నాకు ఇప్పటికీ ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది, మరిచిపోదామన్నా పోదు. "చెంగల్రాయులు అను నేను నా ఇష్టపూర్వకముగా, స్థిరబుద్ధితో, ఎవరి ప్రోద్బలము లేకుండా, నా కుటుంబ అవసరముల నిమిత్తము, సదరు ఎలుగుబంటిని చంపుటకు ముందుగా నిశ్చయించుకొని చంపినాను. సదరు ఎలుగుబంటిపై సర్వహక్కులు ఈ దినము నుండి నేనును, నా వారసులును పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుటకు..." చివర్న హద్దులు కూడా వేశాను. తూర్పు పశువుల కొట్టం, పడమర కంచె, ఉత్తరం బోరు, దక్షిణం దారి.

మామ చదవకుండానే సంతకం పెట్టాడు. "నా అల్లుడు రాసినాక సదివేదేముంది?" అన్నాడు రేంజరుతో, గర్వంగా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. నేనేమో అంతటితో ఆగలేదు. పని చురుగ్గా సాగాలని మూడు పేజీలూ ఫోటో తీసి, ఫారెస్టువాళ్ల పై ఆఫీసుకు వాట్సాప్‌లో పంపి, ఆ తర్వాత అసలు కాగితం రేంజరు చేతికిచ్చాను.

ఆయన చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కుటుంబ అవసరాల నిమిత్తం ఏందప్పా?"

"అది లేకుండా ఎట్ల సార్? రేపు కొడుకులు అడ్డం తిరిగితే?"

"ఎవురి కొడుకులు? ఎలుగ్గొడ్డు కొడుకులా?"

ఆయన మళ్లీ కాగితంలోకి చూశాడు.

"ముందుగా నిశ్చయించుకొని అంటే?"

"తాగిన మైకంలో సేసినాడని ఎవురూ అనకుండా సార్."

"ఒరే నాయనా, ముందే అనుకోని సంపినాను, ఇంటి అవసరానికి సంపినాను, తోలూ గోళ్లూ నావే అని రాసిచ్చినావు కదరా! దీన్ని ఏటాడడమంటారు. చించేసి ఇంకోటి రాయి, బిరీన!"

"పై ఆఫీసుకు పంపేసినాను సార్..."

రేంజరు మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆయన ఫోను మోగింది. "అవును సార్... సంతకం ఆయనదే సార్... నేను సూసినాను సార్, మీద పడినట్టే ఉండాది సార్... సరే సార్." ఫోను జేబులో పెట్టుకుని మామ వైపు చూడలేక కంచె వైపు చూశాడు.

మామ లేచి చొక్కా తొడుక్కున్నాడు. కట్టు వల్ల కుడి చేయి సరిగ్గా దూరలేదు. నేను సాయం చేయబోతే, "వద్దులేరా," అన్నాడు. జీపెక్కాడు.

బెయిలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేను తోటలోనే ఉన్నాను. పాలు పితకబోతే ఆవు తన్నింది, సరిగ్గానే తన్నింది. అత్త ఒంటి చేత్తో వండి నాకు పెట్టేది, ఒక్క మాట అనేది కాదు. తిట్టి ఉంటే బాగుండేది. కాయలు చెట్ల కిందే రాలి కుళ్లాయి. ఎలుగుబంటి పిల్ల కోసం ఫారెస్టువాళ్లు కొండంతా వెతికారు, దొరకలేదు.

మామ బయటికొచ్చాడు గానీ, నన్ను ఆటపట్టించే మామ రాలేదు. వాయిదాలకు ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్లం. ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. "రిజిస్ట్రారూ" అని ఒక్కసారి పిలుస్తాడేమోనని నాలుగేళ్లు ఎదురుచూశాను. పిలవలేదు.

చివరికి అత్తను బోనెక్కించారు. జరిగింది చెప్పమన్నారు. ఆమె వంకర తిరిగిన చేయి చూపించి, "అది నన్ను పట్టుకునింది సామీ. ఈయన కొట్టినాడు. కొట్టకపోయింటే నేనీడ ఉండను," అంది. ఆసుపత్రి చీటీలు చూశారు, రేంజరు చూసింది చూసినట్టు చెప్పాడు. జడ్జిగారు నా మూడు పేజీలు ఎత్తి చూసి, ఈమె చెప్పిన మూడు ముక్కలే ఆనాడు రాసి ఉంటే ఈ కేసు ఇంతదాకా వచ్చేదే కాదని చెప్పి, మామను వదిలేశారు.

బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాం. నేను ఉండబట్టలేక ఆయన చేతులు పట్టుకున్నాను. "తప్పయిపోయింది మామా," అన్నాను.

ఆయన టీ ఊదుకుని తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఎలుగ్గొడ్డు మీద పడితే కొట్టొచ్చని సట్టం ఉండాది. మేనల్లుడు కాగితం పట్టుకోని మీద పడితే ఏం సేయాలనో యాడన్నా రాసుండాదా, రిజిస్ట్రారూ?"

నేను నడిరోడ్డు మీద నవ్వుతూ ఏడ్చాను. టీకొట్టతను ఇంకో టీ ఇచ్చాడు, పాపం శిక్ష పడిందనుకున్నాడు.

కావున నేను నా ఇష్టపూర్వకముగా, స్థిరబుద్ధితో, ఎవరి ప్రోద్బలము లేకుండా ప్రమాణం చేసి రాసిస్తున్నది ఏమనగా: బతికున్నంత కాలం మనిషికి గానీ మృగానికి గానీ జరిగింది జరిగినట్టు తప్ప ఒక్క ముక్క ఎక్కువ రాయను. దీనికి సాక్షులు ఇద్దరు. ఒకరు మా మామ. రెండో సాక్షి ఇప్పుడు లేదు, దాని సంతకం మామ భుజం మీద ఉంది.