ఇరవై పైసల భిక్షపతి

రామన్నపేట దగ్గర మా ఊళ్లో భిక్షపతులు ముగ్గురున్నారు. ఒకాయనది కిరాణా కొట్టు, ఒకాయనది ట్రాక్టరు. మూడో ఆయనకు గొర్లమంద ఉన్నా, గొర్ల భిక్షపతి అని పిలిచేంత మర్యాద మా వాళ్లకు లేదు. ఆయన ఇరవై పైసల భిక్షపతి.

ఆయనకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని తల్లి మైసమ్మ ఈయన్ని పుట్టగానే చాటలో పడుకోబెట్టి, మంత్రసాని పుష్పమ్మకు ఇరవై పైసలకు అమ్మేసింది. వెంటనే చాటెడు నూకలిచ్చి మళ్లీ కొనుక్కుంది. అమ్మి కొన్న బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. పుష్పమ్మ ఇచ్చిన, తామరపువ్వు బొమ్మున్న ఆ ఇరవై పైసల బిళ్లకు మేకుతో బొక్క కొట్టి పిల్లవాడి మొలతాడుకు కట్టింది. బిడ్డ బతికాడు, ధర కూడా బతికింది. పంచాయితీలో ఆయన నోరు విప్పితే చాలు, "నీ ధరెంత, నీ మాటెంత?" అనేవాళ్లు. యాభై దాటినా ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయేది.

అలాంటి ముఖం ఒకరోజు వెలిగింది. పాత తామరపువ్వు బిళ్లకు ఐదు లక్షలిస్తారని ఫోన్ వీడియోలో ఎవడో అరుస్తుంటే విన్నాడు. లక్షల కన్నా ఊరి నోరు మూతపడుతుందన్నదే ఆయనకు పెద్ద ఆశ. పరశురాములు చాయ్ హోటల్ ముందు నిలబడి అందరికీ వినిపించేలా చెప్పాడు.

"ఇగ నన్ను ఐదు లక్షల భిక్షపతి అనాలె."

మా ఊరు తక్కువదా? నిన్నటిదాకా "ఏరా" అన్నవాళ్లు "అన్నా" అన్నారు. సర్పంచి కుర్చీ చూపించాడు. పరశురాములు చాయ్ పైసలు వద్దన్నాడు. ఆ మనిషే, ఆ గొంగడే, ధరొక్కటే పెరిగింది. మాకు అంతకు మించి ఏం కావాలి?

"అత్త కట్టింది, తియ్యకు" అని భార్య గుర్వమ్మ మొత్తుకుంది. ఆయన మొలతాడు తెంపి బస్సెక్కాడు.

భువనగిరిలో పాత నాణేలు కొనే షాపతను బిళ్లను వెలుగుకు పట్టి, బొక్కలోంచి భిక్షపతిని చూశాడు.

"గీ బొక్క ఎవరు కొట్టిన్రు?"

"మా అమ్మ."

"సర్కారు కొట్టిన బొక్కకైతే ధర ఉంటది పెద్దమనిషీ. అమ్మ కొట్టినదానికి ఉండదు. దీన్ని ఎవ్వరు కొనరు."

"పోనీ, ఇరవై పైసలకన్న తీస్కో."

"ఇరవై పైసలు ఎప్పుడో బందైనయి గదా! నీకేం ఇయ్యాలె?"

భిక్షపతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊరు ఎంత ఎగతాళి చేసినా ఇన్నాళ్లూ ఇరవై పైసలన్నా చేశాడు. ఇప్పుడు అదీ లేదు.

"ఎంతొచ్చిందన్నా?" అని ఊళ్లో బస్సు దిగగానే పరశురాములు అడిగితే, "ధర కుదరలె" అన్నాడు. పరశురాములుకు అర్థమైంది. పొద్దుటి చాయ్ పైసలు కూడా కలిపి తీసుకున్నాడు.

గుర్వమ్మ దగ్గర మాత్రం ఏదీ దాచలేదు.

"అమ్మ బొక్క కొట్టకుంటే నా బతుకు మారుతుండె" అన్నాడు.

గుర్వమ్మ కొత్త మొలతాడు తెచ్చి బిళ్లలోంచి దూర్చింది.

"నిన్ను ఒక్కపారి అమ్మినందుకే అత్త సచ్చేదాక ఏడ్సింది. మళ్ల నిన్ను ఎవ్వలు కొనకుంట గా బొక్క కొట్టింది."

భిక్షపతి అంగీ పైకెత్తి నిలబడ్డాడు.