డేవిడ్ రాజు బిస్కెట్ల డబ్బా

గాజువాకలో మందుల షాపులకేం కొదవ లేదు. అయినా మా వీధిలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ముందు డేవిడ్ రాజు ఇంటికే వెళ్లేవాళ్లం. ఆయన పోర్టులో క్రేను ఆపరేటరు. డాక్టరు ఐదు రోజులకు మాత్రలు రాస్తే రెండు రోజులు మింగి, తక్కినవి కత్తెరతో కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాచడం ఆయన అలవాటు. కత్తిరించాక ఏ ముక్క మీదా పేరు మిగలదు. పసుపు పొడుగుది ఒకసారి పక్కింటి అప్పలసూరి కడుపుకి పనిచేసింది కాబట్టి వీధిలో అందరి కడుపులకీ అదే. నేనూ మింగాను, దాచడం దేనికి.

డేవిడ్ రాజుకి ఇంకో గొప్ప ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో భోజనం బెల్లు కొట్టకుండా ఆయన క్రేను దిగలేదు. ఈ మాట వారానికోసారైనా చెప్పేవాడు. మాకు విని విని విసుగు, ఆయనకు మాత్రం ప్రాణం.

పోయిన వానాకాలం ఏదో పెళ్లిలో రొయ్యల కూర తిని వచ్చి రెండు రోజులు బాత్రూం వదల్లేదు. పసుపు పొడుగుది ఆయన మీద పనిచెయ్యలేదు. నెత్తురు కూడా పడేసరికి భార్య ఫ్లోరా హడలిపోయి ఆటోలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. పరీక్ష చేసి పేగుల్లో బాక్టీరియా ఉందన్నారు. ఐదు రోజుల మాత్రలు, ఓఆర్ఎస్ నీళ్లు, ఇంట్లో విశ్రాంతి.

రెండో రోజు సాయంత్రానికి తగ్గింది. ఆయన కత్తెర తీశాడు.

"ఐదు రోజులన్నాడు కదా డాక్టరు. మిగతావి ఎవులికి దాస్తన్నావ్?" అంది ఫ్లోరా.

"తగ్గిపోనాక మింగితే దండగ కాదేటి?" అన్నాడు డేవిడ్ రాజు.

మూడు రోజుల తర్వాత బొగ్గు ఓడ వచ్చిందని డ్యూటీకి వెళ్లిపోయాడు. పదకొండు గంటలకు, క్రేను కింద పనిచేసే గవర్రాజుకి వాకీటాకీలో ఆయన గొంతు వినిపించింది. దిగుతున్నానన్నాడు. క్రేను చెడిందా అని గవర్రాజు కంగారుపడ్డాడు.

"క్రేను బాగానే ఉంది."

ఆ సాయంత్రం ఇంటికొచ్చింది గవర్రాజు పాంటులో. గవర్రాజు పొట్టివాడు, ఆ పాంటు డేవిడ్ రాజుకి పిక్కల దగ్గరే ఆగిపోయింది. తన పాంటు మీద గ్రీజు పడిందని వీధి చివర్నుంచి చెప్పుకుంటూ వచ్చాడు. టైముకి దిగేశానని కూడా ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

డాక్టరు బాగా చీవాట్లు పెట్టాడట. లోపలి బాక్టీరియా పూర్తిగా చావకముందే మందు ఆపావన్నాడు. మళ్లీ పరీక్ష, మళ్లీ మాత్రలు, సబ్బుతో చేతులు కడుక్కోమని ఆర్డరు. ఈసారి ఫ్లోరా ఎదురుగా నిలబడి మింగించి, నోరు తెరిపించి చూసేది. చివరి మాత్ర అయిన రోజున డబ్బాలోవన్నీ తీసుకెళ్లి, పారెయ్యమని మందుల షాపులో ఇచ్చేసింది.

ఈ సంగతి తెలియక పోయిన వారం నేను కడుపు పట్టుకుని వెళ్లి పసుపు పొడుగుది ఒకటి ఇమ్మన్నాను. డేవిడ్ రాజు డబ్బా మూత తీశాడు. లోపల సూదులు, దారం ఉన్నాయి.

"డాక్టరు కాడికెల్లు బావా. ఎన్నాళ్లు మింగమంటే అన్నాళ్లూ మింగు."

ఒక్క మాత్రకి అంత దూరమా అని నేను నసిగాను. ఫ్లోరా వంటింట్లోనే ఉందని చూసుకుని ఆయన గొంతు తగ్గించాడు.

"మా క్రేనుకి నూట పన్నెండు మెట్లు. నూట తొమ్మిది దాకా బాగానే దిగినాను."

ఆయన మీద జాలేసింది, నవ్వూ ఆగలేదు. ఆ మూడు మెట్లే తలుచుకుంటూ వెళ్లి ఆటో ఎక్కాను.