మా మిల్లు గోడ మీది గ్లాసు

తాడేపల్లిగూడెంలో మా బియ్యం మిల్లు గోడ మీద బొమ్మలు వేయించే ముందు మా ఊరి కాలేజీ డ్రాయింగు టీచరు నన్నొక్క మాట అడగలేదు. నేనది మర్చిపోలేదు. కాలేజీ పిల్లలకు కుంచెలిచ్చి, హెచ్‌ఐవీ గురించి ఊళ్లో ఉన్న భయాలు గీయమంది. వాళ్లు గీసింది, హెచ్‌ఐవీ ఉన్న మా గుమస్తాకు నేను కిటికీలో విడిగా పెట్టించిన టీ గ్లాసు!

"చెరిపించండి, నా పరువు పోతోంది," అన్నాను.

ఆవిడ అలవాటు ప్రకారం కుంచె జడలో దోపుకుని మెత్తగా అంది: "అలాగేనండీ. గ్లాసు వల్ల అంటుకోదని పిల్లలకి తెలిసిపోయిందండీ. మీరు కిటికీలో గ్లాసు తీయించిన రోజే బొమ్మ చెరిపిస్తాను."

వారం రోజులు మొండికేశాను. తర్వాత కిటికీలో గ్లాసు తీయించి, అందరి టీ గ్లాసులూ ఒకే పళ్లెంలో తెప్పించాను. గుమస్తా నావంక బెదురుగా చూశాడు.

"ఏదో ఒకటి తీసుకోవయ్యా, చల్లారిపోతోంది," అన్నాను.

నా కబురందుకుని సాయంత్రం ఆవిడ గోడ మీది బొమ్మకు సున్నం కొడుతుంటే, బకెట్టు పట్టుకున్నది అతనే.