పగలు ఖాళీ చేయాల్సిన మంచం

గుంటూరులోని నిరాశ్రయుల వసతి గృహానికి నా నర్సింగ్ విద్యార్థినిని కమ్యూనిటీ పోస్టింగుకు తీసుకెళ్లాను. అక్కడ పొద్దున్నే అందరినీ బయటికి పంపి, ఫినాయిల్‌తో నేల కడుగుతారు. మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్లే ఒక ముసలామె మాత్రం లేవలేకపోయింది.

"నూట మూడు జ్వరమండి," అంది మా పిల్ల థర్మామీటరు చూసి.

"పగలు ఎవరూ ఉండకూడదండి, రూలు," అన్నాడు మేనేజరు. "లే మామ్మా, సాయంత్రం వద్దువుగాని."

ఆ రూలు రాసినవాళ్లకు ఎన్నడూ జ్వరం రాలేదేమో. నేను వెళ్లి ఆ మంచం మీదే కూర్చున్నాను.

"ముందు నన్ను లేపండి చూద్దాం."

"మేడమ్, నేల కడగాలి."

"కడగండి. కాళ్లు పైకి పెట్టుకుంటాం."

మా పిల్ల కూడా చెప్పులు విడిచి మంచమెక్కింది. ఆయన గొణుక్కుంటూనే మా చుట్టూ కడిగించాడు. ముసలామె కళ్లు తెరవకుండానే పక్కకు జరిగి మాకు చోటిచ్చింది.